మచ్చపప్పు

పలాసలో మాది జీడిపప్పు ఫ్యాక్టరీల వీధి.
అమ్మది గ్రేడింగు బల్ల దగ్గర పని.
గుడ్డు ఒక గంపలోకి, బద్ద ఒక గంపలోకి,
నూక వేరే, మాడింది వేరే.
బల్ల నిండా తెల్లగా పోసినా
అమ్మ వేలు ముందు మచ్చపప్పు మీదికే పోతుంది.
"ఎతికితే దొరకదే గుంటా,
అదే వొచ్చి కంట్లో పడాల" అంటుంది.

నాకూ ఆ కన్నే వచ్చింది.
పప్పు మీద కాదు, మొహాల మీద.

పదో తరగతి బి సెక్షన్, నలభై ఒక్క మంది.
నేను గడప దాటేలోపే
ఎవరి కనుబొమ్మ కిందికి దిగిందో
ఎవరి పెదవి ఒక పక్కకి వంగిందో
తెలిసిపోతుంది నాకు.
మిగతా వాళ్లంతా గోడకేసిన సున్నం.

తిత్లీ తుఫాను రాత్రి నాకు ఎనిమిదేళ్లు.
రేకు ఉంటుందో ఎగిరిపోతుందో
పైకి చూసి తెలుసుకోలేదు,
సెల్‌ఫోన్ వెలుగులో నాన్న మొహం చూసి తెలుసుకున్నాను.
తెల్లారేసరికి గాలి పోయింది.
ఆ చూపు మాత్రం పోలేదు.

మొన్న బమ్మిడి మేష్టారు లెక్క చెప్తూ చెప్తూ
నా వైపు చూసి ఆగారు.
రెండు క్షణాలు.
ఆ రెండు క్షణాలూ సైకిలు వెనక సీటెక్కి
నాతో ఇంటికొచ్చాయి,
గేటు పడితే రైలు పోయేదాకా పక్కనే నిలబడ్డాయి,
కంచంలోకి తొంగిచూసి
దోమతెరలోకి కూడా దూరాయి.
నోట్సు అట్ట చిరిగినందుకా? నా రాతకా? అసలు నాకేనా?
మర్నాడు తెలిసింది, ఆయనకి పంటి నొప్పి.
తెలిసింది గాని
కడుపులో ముడి మాత్రం విడలేదు.

శాలిహుండం కొండ మీద తీసిన ఫోటో
ఢిల్లీశ్వరి వాళ్లన్న ఫోన్లో ఉంది.
అందరూ నవ్వుతున్నారు, చివర నిలబడ్డ యామిని తప్ప.
రెండు వేళ్లతో సాగదీసి సాగదీసి చూశాను,
ఆ మొహం గింజలు గింజలుగా విడిపోయేదాకా.
"నా మీద కోపమేమో" అన్నాను.
"ఒలే, ఎండే అది! కంట్లో ఎండ!
మరి నీ పక్కన నానున్నాను గదా,
నీ బుజమ్మీద సెయ్యేసి ఇకిలిస్తన్నాను గదా,
నన్ను సూసినావేటి?"

చూళ్లేదు.
నిజంగానే చూళ్లేదు.
ఆ చేతి బరువు భుజానికి ఇప్పుడు తగిలింది,
పదకొండు రోజుల తర్వాత.

ఆ రాత్రి అమ్మ నుదురు ముడేసుకుని తింటోంది.
అడగాలంటే భయం. అడక్కపోతే ఇంకా భయం.
మూడుసార్లు మంచినీళ్లు తాగి అడిగాను:
"కోపమొచ్చిందేటమ్మా?"
"కోపమెందుకే?
పొద్దల్లా టూబులైటు కింద పప్పు సూస్తే
నుదురు ఇలగే ఉండిపోతాది.
ఇప్పుకోడం మర్సిపోనాను."
బొటనవేలితో ఒత్తాను, ఒక్కో గీతా.
ఎప్పుడో గింజ కొట్టిన రోజుల చమురు నలుపు
ఇంకా పోని ఆమె వేళ్లు నా మణికట్టు పట్టుకున్నాయి.
కింద ఉన్నది అలసట, వట్టి అలసట.
ఆ ముడతల్లో ఎక్కడా నా పేరు రాసి లేదు.

"మచ్చపప్పు ఏం చేస్తారమ్మా?"
"పారేస్తారేటి? మిఠాయి కొట్టోలు అట్టుకెల్తారు.
తింటే అదే రుచి."

ఇవాళ గడప దగ్గరే
కన్ను తన పని చేసేసింది,
కిటికీ పక్క ముడుచుకున్న మొహాన్ని పట్టేసింది.
దాన్ని ఆపలేను. అది అమ్మ వేలు లాంటిది.
కాని ఈసారి ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టి
బల్ల వైపు చూశాను.
ఒకటి.
రెండు.
మూడో బెంచీలో ఢిల్లీశ్వరి
నోటి నిండా జాంపండు కుక్కుకుని నవ్వుతోంది.
ఆరు దాకా లెక్కపెట్టాను.
ఇంతలో బెల్లు కొట్టేశారు.